మల్లీశ్వరి సంతకం చేయని రెండో కాగితం

మల్లీశ్వరి పగలగొట్టని పట్టకం ఒకటుంది. పట్టకం అంటే ముక్కోణపు గాజుదిమ్మ. ఎండలో పెడితే గోడ మీద ఏడు రంగులు పడతాయి. దాన్ని పగలగొట్టింది ఆ బడి సైన్సు మాస్టారు. తనిఖీకి వచ్చిన అధికారికి చూపించబోతుంటే చెయ్యి జారి, గచ్చు మీద పడి మూడు ముక్కలైంది. అధికారి వెళ్ళిపోయాక స్టాకు రిజిస్టరులో ఏదో ఒకటి రాయాలి కదా. ఒక తెల్లకాగితం మీద నాలుగు వరుసలు రాసి, గాజుముక్కలు ఊడుస్తున్న మల్లీశ్వరిని పిలిచారు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యమ్మా. ఊరికే, ఫార్మాలిటీ."

వేసింది. అందులో ఏముందో ఎవరూ చదివి వినిపించలేదు. ఆమె అడగలేదు. వారం తర్వాత బడి గుమాస్తా టీ తాగుతూ నవ్వాడు. "మల్లీశ్వరీ, నీ చేతులు మంచివి కావంట. అద్దాల బీరువా జోలికి పోమాక." అప్పుడు తెలిసింది ఆమెకు, ఆ కాగితంలో పగలగొట్టినది తానేనని.

ఏమీ అనలేదు. అంటే ఆ పార్ట్‌టైమ్ స్వీపరు పని కూడా ఉండదు. ఇది ఇరవై ఏళ్ళ నాటి మాట. ఆ బడి పేరు రాయడం లేదు. రాస్తే ఈ కథ ఆ ఒక్క బడిదే అనుకుని మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు.

ఆ రోజు తర్వాత సైన్సు గది తాళంచెవి మల్లీశ్వరి బొడ్లోనే ఉంది, ఎందుకంటే ఊడ్చేది ఆమే. బీరువా తాళంచెవి మాత్రం హెడ్మాస్టరు సొరుగులోకి పోయింది. ఏళ్ళ తరబడి ఆమె బీరువాకు బయటి అద్దం తుడిచింది. అద్దం వెనక సూక్ష్మదర్శిని ప్లాస్టిక్ కవరు విప్పకుండానే ముసలిదైంది. పరీక్షనాళికల్లో బల్లులు గుడ్లు పెట్టాయి. ఆ బడిలో పదో తరగతి పాసై వెళ్ళిన పిల్లలంతా పుస్తకంలో పట్టకం బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, అయిదు మార్కులు తెచ్చుకున్నారు. పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

మల్లీశ్వరిది క్రోసూరు వైపు పుట్టిల్లు. ఎనిమిదో ఏట నుంచి మిరపకాయల తొడిమలు తీసింది. బడిలో కూర్చున్నది మొత్తం కలిపితే ఒక ఎండాకాలమంత. పెళ్ళై ముప్పాళ్ళకు అవతల, నరసరావుపేట పోయే దారిలోని ఈ ఊరికి వచ్చింది. భర్త బ్రహ్మయ్య పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసి, దగ్గు పట్టుకున్నాక మానేసి, ఇప్పుడు రెండు గేదెల్ని చూసుకుంటున్నాడు. ఆమెకిప్పుడు అరవై దాటాయి. నుదుట బొట్టు పెట్టుకునే చోట రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ ఉంటుంది. పన్నెండేళ్ళుగా దురద. దాని గురించీ ఎవరికీ చెప్పలేదు. ఓర్చుకోవడం ఆమెకు అంత బాగా అలవాటైపోయింది.

మూడేళ్ళ కిందట ఆ బడికి దేవిక అని కొత్త సైన్సు టీచరు వచ్చింది. చేరిన రోజునే ల్యాబు గదికి వచ్చి అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూసింది.

"అక్కా, దీని తాళంచెవి ఎక్కడ?"

"పెద్ద సారు సొరుగులో, టీచరమ్మా. తియ్యరు. పగిలితే చెప్పుకోవాలంట."

"తియ్యకపోతే పగలదా? ఆ తరాజు చూడు, తుప్పు పట్టి దానంతట అదే విరిగింది."

దేవిక సొరుగు తీయించింది. శనివారం సాయంత్రాలు బీరువా తెరవడం మొదలుపెట్టింది. మూడో శనివారానికి ఒక బీకరు పగిలింది. నాలుగో శనివారం బీరువాకు మళ్ళీ తాళం పడింది. ఆమె వాదించింది, లాభం లేకపోయింది. అయితే పిల్లలు ముట్టుకునే మ్యూజియం ఒకటి బడి బయటే పెడతానంది.

గది ఇచ్చింది హనుమంతరావు. ఊళ్ళో పెద్ద కిరాణా, పూజాసామాను కొట్టు ఆయనది. కొట్టు పక్కనే పాత పత్తిగింజల గోదాము ఖాళీగా ఉంది. మనవరాలు హేమశ్రీ ఏడో తరగతి. నాలుగు రోజులు అన్నం దగ్గర అలిగి కూర్చునేసరికి, "తీసుకోండమ్మా, ఎలుకలు తిరిగేకంటే పిల్లలు తిరిగితే నయం" అని తాళం ఇచ్చేశాడు. అద్దె అడగలేదు. తన పేరుతో చిన్న బోర్డు కూడా పెట్టొద్దన్నాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో చెడ్డవాళ్ళను వెతుక్కుంటే తప్పు దారిలో పోతాం.

అలా మొదలైంది. చాలామందికి మ్యూజియం అంటే అద్దాల పెట్టెలు, "తాకరాదు" అనే బోర్డులు. ఇక్కడ తలుపు మీద సుద్దతో రాసింది వేరు. "ముట్టుకోకుండా పోవద్దు."

ట్రాక్టరు మెకానిక్ యాసిన్ పాత బేరింగులు ఇచ్చాడు. కాలిపోయిన బోరు మోటారును రంపంతో రెండుగా కోసి తెచ్చి, లోపలి రాగిచుట్టలు కనబడేలా బల్ల మీద పెట్టాడు. మాచర్ల నాపరాళ్ళ మీద ఎప్పటివో నీటి అలల గుర్తులుంటే, పిల్లలు వాటి మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకునేవారు. ఇంత కొండప్రాంతంలో అలలెట్టా వచ్చాయని పెద్దవాళ్ళను అడిగి ఇబ్బంది పెట్టేవారు. ఒక బల్ల మీద పసుపునీళ్ళు, బ్రహ్మయ్య ఇచ్చిన సున్నం, నిమ్మచెక్కలు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు. దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఇంత తమాషా చేస్తాయని ఆడవాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు. మిరప తోటలో పూత రాలిపోతుంటే రైతులు పూలు తెచ్చి, దేవిక ఎక్కడో సంపాదించిన సెకండ్‌హ్యాండ్ సూక్ష్మదర్శిని కింద నల్ల తామరపురుగును చూసేవారు. "ఓరి నీ దుంపతెగ, ఇంతుండి నా రెండెకరాలు తిన్నావా" అని ఒకాయన దాన్ని నోరారా తిట్టాడు. పిల్లలు ఆ రోజంతా ఆ తిట్లే వల్లించారు.

అన్నిటికంటే వింతైనది ఒక చెక్క అర. దాని పేరు పగిలినవాటి అర. ఏదైనా పగిలితే ఆ ముక్కల్ని అక్కడ పెట్టాలి. పగలగొట్టినవారు కార్డు మీద తమ పేరు, పగిలేముందు ఏం చేయబోయారో, పగిలాక ఏం తెలిసిందో రాయాలి. తిట్లు లేవు, జరిమానా లేదు. ఆరో తరగతి షబ్నం రాసిన కార్డు ఇప్పటికీ ఉంది. "భూతద్దం. షబ్నం. ఎండలో ఎండుగడ్డి కాల్చాక చన్నీళ్ళలో ముంచాను. టప్ మని పగిలింది. వేడి గాజుకి చన్నీళ్ళు పడవు." కింద బుల్లి అక్షరాలతో, "మా అమ్మ గాజుగ్లాసు కూడా అట్టాగే పగిలింది. దానికి నన్ను కొట్టింది. నా తప్పు కాదని ఇప్పుడు తెలిసింది."

పోయిన వేసవి బదిలీల్లో దేవికకు మాచర్ల అవతలి ఊరు పడింది. సామాను సర్దుకుని గోదాము తాళంచెవి మల్లీశ్వరి చేతిలో పెట్టింది. అప్పటికే బడివాళ్ళు అరవై నిండాయని ఆమెను పనిలోంచి తీసేశారు. పెన్షనూ లేదు, దండా లేదు.

"నాకా? వద్దు టీచరమ్మా. నా చేతులు మంచివి కావు."

"ఎవరన్నారు?"

"కాగితం మీదుందంట."

అప్పుడు చెప్పింది మొదటిసారి, పట్టకం సంగతి. దేవిక తాళంచెవిని ఆమె గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూసింది. "ఈ మ్యూజియంలో పగలగొట్టేవాళ్ళే కావాలి అక్కా. భయం లేదు."

మల్లీశ్వరి ఆదివారాలు, సెలవు రోజులు గోదాము తెరిచేది. పిల్లలు పెద్దమ్మా అనేవారు. ఆమెకు అన్నీ తెలియవు, తెలియదని చెప్పేది. "నాకు తెలవదే. నువ్వు చేసి చూసి నాకు చెప్పు." బళ్ళో ఈ మాట అనే మాస్టారు ఎంతమంది? కార్డుల మీద రాతలు ఏమిటో ఆమెకు అర్థం కావాలి కనుక, పిల్లలే ఒక్కో అక్షరం నేర్పారు. షబ్నం బెత్తం కూడా పట్టుకుంది. "పెద్దమ్మా, 'ఠ' కి పొట్టలో చుక్క మర్చిపోయావు, చెయ్యి చాపు." దసరా నాటికి కూడబలుక్కుని చదవడం, వంకరగా రాయడం వచ్చేసింది.

ఆ దసరాకే అసలు సంగతి మొదలైంది. ఆయుధపూజ రోజు పొద్దున్నే వచ్చి గోదాము కడిగి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. బేరింగులకు, కోసిన మోటారుకు, నాపరాళ్ళకు. ట్రాక్టరుకు లైట్ల దగ్గర పెడతాం కదా, సూక్ష్మదర్శినికి కళ్ళే ముఖ్యమని పైకంటికొకటి, కిందికంటికొకటి పెట్టింది.

తర్వాతి ఆదివారం షబ్నం కన్ను పెట్టి కేకేసింది. "పెద్దమ్మా, లోకమంతా ఎర్రగా ఉంది!"

"ఏమే, చీమకాలు కనబడట్లా?"

"చీమా లేదు, కాలూ లేదు. నువ్వు మిషను కళ్ళల్లో కుంకం కొట్టావు!"

అందరూ పడీపడీ నవ్వారు. మల్లీశ్వరి నాలిక కరుచుకుని, తెల్ల పాతగుడ్డ తడిపి అద్దాలు తుడిచింది. గుడ్డకు మరక పడింది. ముదురు గులాబీ రంగు మరక. సబ్బు పెట్టి ఉతికినా పోలేదు. ఆ మరకను పట్టుకుని నిలబడిపోయింది హేమశ్రీ.

"పెద్దమ్మా, కుంకుమ పసుపుతో చేస్తారు గదా? ప్యాకెట్టు మీద అట్టాగే ఉంది. మరి మరక పసుప్పచ్చగా ఉండాలిగా. ఈ గులాబీ రంగు యాడిది?"

ఇంత పెద్ద ప్రశ్న ఇన్నేళ్ళుగా ప్రతి ఇంట్లో, ప్రతి పైటకొంగు మీదా పడే ఉంది. ఎవరూ అడగలేదు.

ముందు నిమ్మకాయ బల్ల దగ్గరికి పోయారు. చిటికెడు కుంకుమ మీద నిమ్మరసం పిండారు. పసుపు రంగుకు తిరగలేదు. "దొంగ కుంకుమ!" అంది షబ్నం. హేమశ్రీకి కోపం వచ్చింది. ఆ కుంకుమ తన తాతయ్య కొట్టుది.

"ఏందే, మా తాతయ్య దొంగంటావా?"

"నేను తాతయ్యనలా, కుంకం అన్నా!"

జుట్లు పట్టుకోబోతుంటే మల్లీశ్వరి మధ్యలో దూరింది. "ఆగండే! మా అమ్మ ఇంట్లో కుంకం చేసేది. పసుపు కొమ్ములకి నిమ్మరసం పోసే చేసేది. నిమ్మరసంతో చేసిందానికి నిమ్మరసం పోస్తే ఏం మారుద్ది? ఆ పరీక్ష చెల్లదు."

పిల్లలు నోళ్ళు తెరిచారు. పెద్దమ్మ చెప్పింది నిజం. వాళ్ళకు తెలిసిన పరీక్ష సున్నం ఎరుపుకు సరిపోతుంది కానీ అన్ని ఎరుపులకూ సరిపోదు. అక్షరం ముక్క మొన్నమొన్ననే నేర్చుకున్న మనిషి, ఒక ప్రయోగంలో తప్పెక్కడుందో పట్టుకుంది. దాన్ని సైన్సు కాదనేవాళ్ళు నాకు రాయండి.

"అయితే మీ అమ్మ కుంకం చేద్దాం" అంది హేమశ్రీ.

చేశారు. పసుపు కొమ్ములు ముక్కలు చేసి, నిమ్మరసం, వెలిగారం అనే తెల్ల ఉప్పు పట్టించి, నీడన ఆరబెట్టారు. రోజూ బడి వదలగానే వచ్చి తిరగేసేవారు. పదిరోజులకు బ్రహ్మయ్య రోట్లో దంచాడు.

"ముసలితనంలో నా చేత కుంకం దంచిస్తున్నావా? నాలుగు రూపాయలు పెడితే కొట్లో దొరుకుద్దే" అన్నాడు దగ్గుతూ.

"కొట్లోదాన్ని దంచింది నువ్వు కాదుగా. నీకేం తెలుసు?"

ఇంటి కుంకుమ రంగు చూసి పిల్లలు నీరుగారిపోయారు. కొట్టుదానిలా మెరవలేదు. ఇటుకపొడిలా ఉంది. అప్పుడు షబ్నంకు సుద్దముక్క గుర్తొచ్చింది. దేవిక టీచరు ఉన్నప్పుడు చేసిన ఆటే. సుద్దముక్క మొదట్లో నల్ల స్కెచ్‌పెన్ను చుక్క పెట్టి, కొంచెం నీళ్ళున్న పళ్ళెంలో నిలబెడితే, నీరు సుద్దలోకి పాకుతూ నీళ్ళలో కరిగే రంగుల్ని తనతో పైకి తీసుకుపోతుంది. కరగనివి ఉన్నచోటే ఉండిపోతాయి.

రెండు సుద్దముక్కలు. ఒకదానికి ఇంటి కుంకుమ చుక్క, ఇంకోదానికి కొట్టు కుంకుమ చుక్క. పక్కపక్కన నిలబెట్టి పదిమంది చుట్టూ బోర్లా పడుకున్నారు. ఊపిరి తగిలితే పడిపోతాయని నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు. ఇంటి కుంకుమ కదల్లేదు, చుట్టూ కొంచెం పచ్చబడిందంతే. కొట్టు కుంకుమలోంచి గులాబీ రంగు లేచింది. నీటితో పాటు పాకింది. సగం ఎక్కింది. చివరిదాకా ఎక్కింది.

మల్లీశ్వరి చెయ్యి దానంతట అదే నుదుటి మచ్చ మీదికి పోయింది. ఆ మచ్చకు కారణం అదేనని చెప్పడానికి అక్కడ డాక్టరెవరూ లేరు. నేనూ చెప్పను. కానీ ఆ రోజు నుంచి ఆమె ఆ కుంకుమ పెట్టుకోలేదు.

కార్డు హేమశ్రీయే రాసింది. "మా తాతయ్య కొట్లో కుంకుమ రంగు సుద్దముక్క ఎక్కింది. పెద్దమ్మ చేసింది ఎక్కలేదు. ఎందుకో తెలియదు." గోడ మీద అంటించింది. పెద్దమ్మ చెప్పిందొకటే: "సుద్దముక్కలో ఏం కనబడిందో అంతే రాయి. దొంగ, దొర అని రాయమాక."

కార్తీకమాసం వచ్చింది. పూజాసామాను ఎక్కువగా అమ్ముడుపోయే నెల. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు కార్డు చదివారు. చదివినవాళ్ళు కొట్టుకు పోయి అడిగారు. ఒక మంగళవారం మల్లీశ్వరి గోదాము ఊడుస్తుంటే హనుమంతరావు వచ్చాడు, చేతిలో మడిచిన కాగితంతో.

"ఏమ్మా మల్లీశ్వరీ, గది ఇచ్చింది నేను. నా కొట్టు మీదే రాతలు రాయిస్తివా?"

"నేను రాయించలా శెట్టిగారూ. మీ మనవరాలే రాసింది. ఆ 'మ' ఎట్టా తోక తిప్పిందో చూడండి, మీకు తెలవని దస్తూరీనా?"

ఆయన చూశాడు. ఒక్క క్షణం నవ్వబోయి ఆపుకున్నాడు. "పిల్లలేదో రాస్తారు. పెద్దదానివి, నువ్వు చింపెయ్యొద్దూ?"

"షబ్నం అద్దం పగలగొట్టింది చింపలా. నేను మిషను కళ్ళల్లో కుంకం కొట్టింది చింపలా, అదిగో అక్కడే ఉంది. ఇదొక్కటి ఎట్టా చింపేది?"

హనుమంతరావు పిల్లల స్టూలు మీద కూలబడ్డాడు. "నేను కుంకుమ చేసేవాణ్ణి కాదమ్మా. మూటల్లో వస్తది. కవర్లలో పోసి మా కొట్టు ముద్ర వేస్తాం. మా నాయన కాలం నుంచీ అంతే. అందులో ఏముందో నాకేం తెలుసు? ఎవడూ అడగలా, నేనూ అడగలా. ఇప్పుడు నలుగురిలో మాట పోతోంది." కాగితం విప్పి ఆమె ముందు పెట్టాడు. "దీని మీద నీ సంతకం పెట్టు. కొట్లో అంటిస్తా. ఈ గది పదేళ్ళు నీదే. ఫ్యాను వేయిస్తా, రెండు లైట్లు వేయిస్తా. ఊరికే, ఒక మాట కోసం."

మల్లీశ్వరి కాగితం అందుకుని, వేలు పెట్టి, పైకే చదివింది. "మల్... లీశ్వరి అను నేను, తడి... చేతులతో కుంకుమ ముట్టు... కొనుట వలన రంగు చెడి... నది. పిల్లలు చేసిన పరీక్ష... తప్పు."

ఆయన ఆశ్చర్యపోయాడు. "చదవడం ఎప్పుడొచ్చింది నీకు?"

"ఇక్కడే వచ్చింది శెట్టిగారూ. మీ గోదాములోనే." కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "ఆదివారం దాకా టైమివ్వండి."

ఇంటికి పోయి బ్రహ్మయ్యకు చెప్పింది. ఆయన గేదెకు కుడితి పెడుతూ అన్నాడు, "పెట్టరాదూ? నీదేం పోయిద్ది? ఇంతకుముందు ఒకసారి పెట్టావుగా."

"అందుకే" అంది మల్లీశ్వరి.

సంతకం పెడితే గది ఉంటుంది. పిల్లలకు ఫ్యాను గాలి ఉంటుంది. పెట్టకపోతే ఏడాదికి కొన్ని వందలమంది పిల్లలు ముట్టుకుంటున్న వస్తువులు వీధిన పడతాయి. కాగితం మీద పోయేది మళ్ళీ ఆమె చేతుల పేరే. పేదవాడి పేరు పెట్టి నడిచిపోయే బేరాలన్నీ ఇంత సబబుగానే కనబడతాయి. కానీ ఈసారి తప్పయ్యేది ఆమె చేతులు ఒక్కటే కాదు, పదిమంది పిల్లలు కళ్ళారా చూసింది కూడా.

ఆదివారం పొద్దున హనుమంతరావు వచ్చేసరికి గోదాము నిండా పిల్లలున్నారు. మల్లీశ్వరి పగిలినవాటి అర ముందు నిలబడి ఒక కార్డు అంటిస్తోంది. అక్షరాలు కొండెక్కుతున్న మేకల్లా పైకి పోయాయి. కార్డు కింద వస్తువేమీ లేదు, ఖాళీ జాగా. అందులో ఇలా ఉంది.

"పట్టకం. మల్లీశ్వరి. ఇది నేను పగలగొట్టలేదు. పగలగొట్టానని వేలిముద్ర వేశాను. చదవడం రాకపోతే చెయ్యనివి కూడా మన పేరున ఉంటాయని తెలిసింది."

హనుమంతరావు చదివాడు. రెండోసారి చదివాడు. ఆమె జాకెట్లోంచి ఆయన కాగితం తీసి, మడత చెదరకుండా తిరిగి ఇచ్చింది.

"ఒకసారి రాసిచ్చా శెట్టిగారూ. రెండోసారి ఇయ్యను. గది మీది, మీ ఇష్టం. పోయేముందు ఒక్కటి. ఇంతకాలం గది ఇచ్చారు గానీ ఇక్కడ ఏ వస్తువూ ముట్టుకోలా మీరు. తలుపు మీద ఏం రాసుందో చూశారుగా."

"తాతయ్యా, రా" అని హేమశ్రీ చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన కొంచెం సిగ్గుపడుతూ కూర్చుని, తన ప్యాకెట్టు తానే చింపి, తన వేలితోనే చుక్క పెట్టి, సుద్దముక్క నిలబెట్టాడు. అందరూ చూశారు. గులాబీ రంగు పాకింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. అప్పుడు ఆయన నోటి నుంచి వచ్చింది కోపం కాదు.

"మరి మన కారం ఎక్కుద్దా?"

ఎవరో పరిగెత్తుకు పోయి కొట్లోంచి కారం తెచ్చారు. చుక్క పెట్టారు. పది నిమిషాలు. ఎక్కలేదు. ఉన్నచోటే కూర్చుంది. ముసలాయన ఒక్కసారిగా లేచాడు. "ఆ ముక్క రాయండే! ఆ కార్డు పెద్దక్షరాలతో రాయండి!" హేమశ్రీ రాసింది. ఆయన ఇంకా పసుపు, సింధూరం, గంధం పరీక్షించి, మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే విసుక్కున్నాడు. అరవై ఏడేళ్ళు ఆ సరుకుల మధ్యే బతికాడు. వాటిని ప్రశ్న అడగడం ఆ రోజే మొదలుపెట్టాడు.

మర్నాడు కొట్లో కుంకుమ ప్యాకెట్లు కనబడలేదు. మూటలన్నీ వెనక్కి పంపేశాడట. ఇక్కడితో ఆపితే అందరికీ హాయిగా ఉంటుంది. కానీ గురువారం ఆయన పెద్దకొడుకు వచ్చి, గోదాము సరుకుకు కావాలి, నెలాఖరులోగా ఖాళీ చెయ్యమన్నాడు. మాట మర్యాదగానే అన్నాడు. కొట్టు పేరుకే ఆయనది, ఇప్పుడు నడిపేది కొడుకులు. హనుమంతరావు ఆ రోజు గల్లా దగ్గర కూర్చుని తల ఎత్తలేదు. ఖాళీ చేసిన రోజు మాత్రం వచ్చి, పగిలినవాటి అరను ఒక చివర తానే పట్టుకుని మోశాడు.

ఇప్పుడు ఆ మ్యూజియం మూడు రేకు పెట్టెల్లో, మల్లీశ్వరి రేకుల పంచలో ఉంది. ఆదివారాల్లో మిరపకాయలు ఆరబోసే పట్టా వాకిట్లో పరిచి, వస్తువులన్నీ దాని మీద సర్దుతుంది. వాన వస్తే పిల్లలు తలా ఒకటి పట్టుకుని పంచలోకి పరిగెడతారు. సూక్ష్మదర్శినిని మోసేది షబ్నం. ఇంకెవరినీ నమ్మదు. హనుమంతరావు జేబులో ఏదో ఒక పొట్లం పెట్టుకుని వస్తాడు, "ఇది ఎక్కుద్దేమో చూడండే" అంటూ. పోయినవారం మూడో ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చారు, తమ ఇంటి కుంకుమ కొంగున కట్టుకుని.

"గది పోయిందని బాధ లేదా?" అని అడిగితే ఆమె నా వైపు చిరాగ్గా చూసింది. "ఎందుకు లేదు? మొన్న ఎండకి ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడ్డారు. బాధపడితే గదొస్తదా? మీరు రాసేవాళ్ళుగా, రాయండి."

రాస్తున్నాను. చదివి పక్కన పెట్టేయడానికి మాత్రం కాదు. పిల్లలు తగ్గారని, వేరే బడిలో కలిపేశామని తాళాలు వేసిన గదులు మన ఊళ్ళలో ఉన్నాయి. మీరు సర్పంచైనా, వార్డు మెంబరైనా, ఊరికే ఆ గది పక్కన ఇల్లున్నవారైనా, ఈ నెల గ్రామసభలో లేచి ఒక్క మాట అడగండి: ఆ గది వారానికి ఒక్కరోజు పిల్లలకు ఎందుకు తెరవకూడదు? మల్లీశ్వరికి కావలసింది అలాంటిదే ఒకటి. ఫ్యాను లేకపోయినా ఫర్వాలేదంది.

గది ఇప్పించలేనివారు ఇంకొకటి చేయవచ్చు. సోమవారం మీ పిల్లలు చదివే బడికి, పిల్లలు లేకపోతే మీ వీధి చివరి బడికి వెళ్ళండి. సైన్సు బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. అది తీయించి, మీరు అక్కడుండగానే ఒక పిల్లో పిల్లాడో పట్టకాన్ని చేత్తో పట్టుకుని ఎండలో పెట్టేదాకా కదలకండి. పగులుతుందని భయపెడితే, పగలనివ్వండని చెప్పండి. నిజంగానే పగిలితే మాత్రం కాగితం మీద ఎవరి పేరు రాస్తున్నారో నిలబడి చదవండి. ఊడ్చే మనిషి పేరు కనబడితే, వేలిముద్ర పడకముందే ఆ కాగితం చేతిలోకి తీసుకుని, గదిలో ఉన్న అందరికీ వినబడేలా పైకి చదవండి.